సీపీకే టెస్ట్ రాసిచ్చారా? ఆ మూడక్షరాల వెనుక భీమవరం కుర్రాడి కథ ఉంది.. మీకు తెలుసా?

నాలుగైదేళ్ల మగపిల్లాడు. నేల మీద కూర్చుని ఆడుకుంటున్నాడు. అమ్మ పిలిచింది. లేవాలి. మామూలు పిల్లలైతే ఒక్క ఉదుటున లేచి పరిగెత్తేస్తారు. వీడు మాత్రం ముందు బోర్లా తిరుగుతాడు. రెండు చేతులూ నేలకు ఆనిస్తాడు. పిర్రలు పైకెత్తుతాడు. ఆ తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి తొడ మీద పెట్టుకుంటూ, తన ఒంటి మీద తనే ఎక్కుతున్నట్టుగా నిలబడతాడు.

ఇంట్లో జేజి బద్ధకం అంటుంది. స్కూల్లో సారు అల్లరి అంటాడు. పిక్కలు లావుగా ఉన్నాయి కదా, బలంగానే ఉన్నాడులే అని చుట్టాలు తేల్చేస్తారు.

అదే పిల్లాడు ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి నంద్యాలలో పిల్లల్ని చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే సీన్ మారిపోతుంది. వాడు లేచిన తీరు చూడగానే విషయం తెలిసిన థెరపిస్టు ముందు వ్యాయామాలు మొదలుపెట్టరు. డాక్టర్‌కు చూపించి ఒక రక్తపరీక్ష చేయించమంటారు. దాని పేరు సీపీకే. పూర్తి పేరు క్రియాటిన్ ఫాస్ఫోకైనేజ్. ఇప్పుడు చాలా ల్యాబుల్లో సీకే అని కూడా రాస్తున్నారు.

ఆ పేరులో ఉన్న క్రియాటిన్, ఫాస్ఫో అనే రెండు ముక్కలు మన కండరంలో కలిసి ఉంటాయని ప్రపంచానికి చెప్పినవాళ్లలో ఒకరు మన తెలుగువాడే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్ మందులు, యాంటీబయాటిక్‌ల దగ్గర ఆయన పేరు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. కండరాల జబ్బుల దగ్గర మాత్రం దాదాపు ఎవరూ తలుచుకోరు. నిజానికి ఆయన మొదటి గెలుపు అక్కడే.

కాశీకి పారిపోబోయిన పిల్లాడు

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు సుబ్బారావు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని జీతం. పదమూడేళ్లప్పుడు కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడని, మధ్యదారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని ఆయన గురించి ఒక కథ చెబుతారు.

చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. మద్రాసు హిందూ హైస్కూల్లో మూడోసారి రాసి గట్టెక్కాడు. ఈలోగా తండ్రి చనిపోయాడు. ఫీజుల కోసం తల్లి ఒంటి మీది బంగారం అమ్మింది. ఫెయిలైన పిల్లల్ని తక్కువగా చూసే ఇళ్లలో ఈ ముక్క ఒకసారి గట్టిగా చదివి వినిపించాల్సిందే.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్లయింది. చదువు ఖర్చుల్లో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. అవి గాంధీ పిలుపుతో దేశమంతా ఊగిపోతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కు కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితం? మిగతా పేపర్లు బాగా రాసినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. ఆ సర్టిఫికెట్‌తో ప్రభుత్వ వైద్యశాఖలోకి వెళ్లే దారి మూసుకుపోయింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ గడిపాడు.

ఈ మధ్యలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగు జబ్బు కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోయే జబ్బు అది. తనకూ అదే వస్తే లక్ష్మీపతి ఇచ్చిన మందులతో బయటపడ్డాడు. ఆ జబ్బు ఎందుకు వస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడ మొదలైంది.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

1922 అక్టోబర్‌లో సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ ఇస్తామన్న సాయం, మామగారు కూడగట్టిన డబ్బు.. ఇదే ఆయన ఆస్తి. హార్వర్డ్‌లో ఉష్ణదేశపు జబ్బుల డిప్లొమాలో చేరాడు కానీ, మన ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టర్‌గా పనిచేసే వీలు లేదు. పగలు క్లాసులు, రాత్రి ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. వైద్యం చదివిన మనిషి!

భార్యను ఇక్కడే వదిలి వెళ్లాడు. మూడేళ్లలో తిరిగి వస్తానన్నది మాట. తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో చోటు దొరికింది. విభాగం పెద్ద ఆటో ఫోలిన్. సుబ్బారావు పని సైరస్ ఫిస్కే అనే సైంటిస్టుతో.

నీలం రంగు ఆలస్యం చేసింది.. అక్కడే దొరికింది క్లూ

రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. అప్పటికి ఉన్న పద్ధతులు నమ్మకంగా లేవు. ఫిస్కే, సుబ్బారావు కలిసి కొత్త పద్ధతి తయారుచేశారు. శాంపిల్‌లో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు దశాబ్దాల తరబడి ప్రాక్టికల్స్‌లో చేస్తూనే వచ్చారు.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. ఇదే పరీక్షను కండరం నుంచి తీసిన రసం మీద చేస్తే రంగు వెంటనే రావడం లేదు. మెల్లమెల్లగా చిక్కబడుతోంది. ఇంకొకరైతే రసాయనాలు పాడయ్యాయని పారబోసి మళ్లీ కలుపుకునేవారు. వీళ్లు మాత్రం ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేట్ విడిగా లేదు, దేనితోనో అంటుకుని ఉంది. యాసిడ్ తగలగానే కొద్దికొద్దిగా విడిపోతోంది. అందుకే రంగు మెల్లగా వస్తోంది. ఆ అంటుకున్న పదార్థం క్రియాటిన్ అని తేల్చారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ సంగతి బయటపెట్టారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా వేరుగా ఇదే పదార్థం దగ్గరికి చేరారు.

పిల్లి కండరాన్ని కరెంటుతో ముడుచుకునేలా చేసి చూశారు. పని చేస్తున్నప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిపోతోంది. విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండుతోంది. అంటే ఇది కండరం జేబులో పెట్టుకున్న చిల్లర లాంటిది. అవసరమైన క్షణంలో తీసి ఖర్చుపెట్టడానికి.

ఇది చిన్న విషయం కాదు. కండరం లాక్టిక్ యాసిడ్ వల్లే ముడుచుకుంటుందని అప్పటిదాకా నమ్మారు. కండరాల మీద పనికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ వచ్చాక ఆ లెక్క తారుమారైంది. 1929లో ఫిస్కే, సుబ్బారావు మరో పదార్థాన్ని కూడా కండరం నుంచి వేరు చేశారు. అదే ఏటీపీ. ఒంట్లో ప్రతి కణం వాడే కరెన్సీ. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సంవత్సరం దాన్ని పట్టుకున్నాడు. పాఠ్యపుస్తకాల్లో లోమాన్ పేరు కనిపించినంతగా సుబ్బారావు పేరు కనిపించదు. ఆయన తన పేరును ముందుకు తోసుకునే రకం కాకపోవడం కూడా దానికి ఒక కారణం.

మరి పిల్లల జబ్బుకు ఏంటి సంబంధం?

ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఫాస్ఫేట్ తీసి ఏటీపీ తయారుచేయడానికి కండరంలో ఒక ఎంజైమ్ ఉంటుంది. అదే క్రియాటిన్ కైనేజ్. అది కండరం లోపల ఉండాల్సిన సరుకు. రక్తంలో కొద్దిగానే కనిపించాలి. కండరం గోడలు చిరిగితే బయటకు కారిపోతుంది.

1959లో జపాన్‌లో సెత్సురో ఎబాషి బృందం కండర క్షీణత జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో ఈ ఎంజైమ్ బాగా పెరిగి ఉందని చూపించింది. అప్పటికి సుబ్బారావు చనిపోయి పదకొండేళ్లు. తను కనిపెట్టిన పదార్థం పేరుతో పిల్లల జబ్బుకు ఒక పరీక్ష వస్తుందని ఆయనకు తెలియదు.

ఇంకో విశేషం చూడండి. చాలా ల్యాబుల్లో ఈ పరీక్ష చేసేటప్పుడు పిల్లాడి రక్తం సీరంలో కలిపే రియేజెంట్‌లో ఉండేది ఫాస్ఫోక్రియాటినే. సీరంలో ఉన్న ఎంజైమ్ దాన్ని వాడుకుని ఏటీపీ తయారుచేస్తుంది. ఎంత వేగంగా తయారైందో మెషిన్ లెక్కగట్టి రిపోర్టులో అంకె వేస్తుంది. అంటే సుబ్బారావు బోస్టన్‌లో పట్టుకున్న రెండు పదార్థాలూ ఆ చిన్న గాజుగొట్టంలో మళ్లీ కలుస్తున్నాయి.

మొదట్లో చెప్పిన పిల్లాడి లాంటి వాళ్లలో ఎక్కువగా అనుమానించేది డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ. 1860లలో దీన్ని వివరంగా రాసిన ఫ్రెంచ్ డాక్టర్ పేరు పెట్టారు. చేతులతో ఒంటి మీద ఎక్కుతూ లేచే తీరును లండన్ డాక్టర్ విలియం గోవర్స్ 1879లో వర్ణించాడు కాబట్టి అది గోవర్స్ సైన్ అయింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఈ జబ్బు వస్తుందని అంచనా. సీపీకే మామూలుగా వందల్లో ఉంటే వీళ్లలో చాలామందికి పది వేలు దాటుతుంది. పైగా పుట్టుక నుంచే ఎక్కువగా ఉంటుంది.

రాయలసీమలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇలాంటి జబ్బు అనగానే మేనరికం వల్లే అనేస్తారు. డుషెన్ విషయంలో అది తప్పు. ఆ లోపం తల్లి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది, లేదా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. పరాయి సంబంధం చేసుకున్న ఇంట్లోనూ రావచ్చు. ఎస్ఎంఏ, కొన్ని రకాల లింబ్ గర్డిల్ డిస్ట్రోఫీల లాంటి జబ్బుల్లో మాత్రం తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం రావాలి. వాటికి దగ్గరి చుట్టరికం రిస్క్ పెంచుతుంది. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్లల్లో కోడలి మీద నింద పడిందో!

అంకె ఒక్కటే చూస్తే పప్పులో కాలేసినట్టే

సీపీకే పెరిగినంత మాత్రాన డుషెన్ అని ముద్ర వేయకూడదు. కండకు ఇంజెక్షన్ చేసినా, గట్టిగా పడినా, విపరీతంగా ఆడినా కొన్ని రోజులు పెరుగుతుంది. కాస్త ఆగి మళ్లీ చేయించాలి. అలాగే సీపీకే నార్మల్‌గా ఉంటే అంతా బాగుందనీ కాదు. పుట్టినప్పటి నుంచి మెత్తగా, కప్పలా కాళ్లు పరిచి పడుకునే పసిబిడ్డకు ఎస్ఎంఏ ఉండొచ్చు. అందులో లోపం నరాల కణాల్లో. సీపీకే మామూలుగానో, కాస్త ఎక్కువగానో మాత్రమే ఉంటుంది.

అందుకే ఫిజియోథెరపిస్టు చేతులు, కళ్లు చేసే పనికి విలువ. పడుకోబెట్టిన బిడ్డను చేతులు పట్టి లేపితే తల వెనక్కి వేలాడిపోతోందా? నాలుక సన్నగా వణుకుతోందా? మోకాలి దగ్గర సుత్తితో తడితే కాలు ఎగురుతోందా లేదా? కండరాలు మెత్తగా ఉన్నాయా, బిగుసుకుపోయాయా? బిగుసుకుపోయి, రిఫ్లెక్స్‌లు ఎక్కువగా ఉంటే సమస్య మెదడు వైపు ఉండొచ్చు, సెరిబ్రల్ పాల్సీ లాంటిది. మెత్తగా ఉండి రిఫ్లెక్స్‌లు పోతే నరం వైపు చూడాలి. తొడలు, నడుము బలహీనంగా ఉండి, పిక్కలు లావెక్కి, మునివేళ్ల మీద బాతులా నడిస్తే కండరం వైపు. పెద్ద పిల్లల్లో నేల మీద నుంచి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచాడు అనేది రాసిపెట్టుకుంటారు. నడవగలిగే డుషెన్ పిల్లలకు నార్త్ స్టార్ అనే స్కేల్ ఉంది. 17 పనులు, మొత్తం 34 మార్కులు. ఆరు నెలలకోసారి అదే పరీక్ష మళ్లీ చేస్తే జబ్బు ఎటు పోతోందో తెలుస్తుంది.

ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. వేరే ఏదో కారణంతో రక్తపరీక్ష చేస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వస్తాయి. వెంటనే లివర్ జబ్బు అనుకుని నెలల తరబడి లివర్ మందులు వాడతారు. ఆ రెండు ఎంజైములు కండరంలోనూ ఉంటాయి. నడక తేడాగా ఉన్న పిల్లాడికి అవి పెరిగితే సీపీకే చేయించి చూడాల్సిందే. లక్షణం మొదటిసారి కనిపించిన రోజు నుంచి జబ్బు పేరు తేలేదాకా అమెరికాలోనే సగటున రెండున్నరేళ్లు పట్టిందని అక్కడి లెక్కలు చెప్పాయి. మన దగ్గర ఎంత పడుతుందో ఊహించుకోండి.

ఆ కాలం ఎందుకు అంత ముఖ్యం? బలహీనంగా ఉన్నాడు కదా అని బరువులు ఎత్తించడం, గుంజీలు తీయించడం, మెట్లు ఎక్కించి దించడం చేస్తే డుషెన్ పిల్లాడి కండరం ఇంకా చిరుగుతుంది. వీళ్లకు కావాల్సింది అలసిపోని ఆట, మడమలు బిగుసుకోకుండా రోజూ సాగదీయడం, రాత్రిపూట స్ప్లింట్లు. జబ్బు ఖాయమైతే డాక్టర్ పర్యవేక్షణలో స్టెరాయిడ్లు నడిచే కాలాన్ని పెంచుతాయి. ఎస్ఎంఏకు ఇప్పుడు వచ్చిన మందులు ఎంత ముందు ఇస్తే అంత పనిచేస్తాయి. తర్వాతి కాన్పు గురించి జెనెటిక్ సలహా తీసుకునే వీలూ పేరు తేలితేనే.

నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అంగన్‌వాడీలు, స్కూళ్లలో పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందాలు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ అనుమానం వస్తే తర్వాతి మెట్టు కర్నూలు సర్వజన ఆస్పత్రి, జన్యు పరీక్షలకు హైదరాబాదో బెంగళూరో. 2016 దివ్యాంగుల చట్టంలోని 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రోఫీ ఒకటి. తీవ్రంగా ఉన్నవారికి ఏపీలో 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కు జబ్బు పేరు తేలాలి.

హార్వర్డ్ వదిలేశాడు.. తర్వాత ఏమైంది?

మళ్లీ సుబ్బారావు దగ్గరికి వద్దాం. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. ఫిస్కేతో కలిసి చేసిన పనిలో ఆయన వాటా ఎంతో బయటకు సరిగ్గా తెలియలేదు. ఆయన తేల్చిన కొన్ని విషయాలను ఫిస్కే బయటికి రానివ్వలేదని, అదే విభాగంలో చదువుకుని 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి రోజుల్లో చెప్పాడు.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీకి వెళ్లాడు. అక్కడ పరిశోధన మొత్తానికీ పెద్ద అయ్యాడు. ఇక వరసగా ఒకటే గెలుపులు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు పనికొచ్చిన మందు అదే. ఇంటి నుంచి బయల్దేరింది దేనికోసమో అది ఇరవై మూడేళ్లకు చేతికొచ్చింది. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా అక్కడే పుట్టింది. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రలు అవే. ఆయన ఆధ్వర్యంలోనే డగ్గర్ మట్టిలోంచి ఆరియోమైసిన్ తీశాడు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూసిన అమినోప్టెరిన్ కూడా ఈయన బృందం ఇచ్చిందే. ఆ ఫలితాలు 1948 వేసవిలో అచ్చయ్యాయి.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశాడు. భారత్‌కు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. ఖద్దరు గౌను వేసుకున్నందుకు పట్టా పోగొట్టుకున్న మనిషి స్వతంత్ర దేశంలో కాలుపెట్టనేలేదు. మూడేళ్లని చెప్పి వెళ్లి, ఇరవై ఆరేళ్లు ఉండి, అక్కడే పోయాడు. శేషగిరి ఆయన్ను మళ్లీ చూడలేదు.

ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి ఏడాది 1995లో భారత తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.